పాన్‌గల్ బస్సులో ఉప్పాడ మబ్బు

మా ఉప్పాడ సముద్రపు ఒడ్డున తుపాను గాలిలో తీసిన ఫొటోలకు, పాన్‌గల్ వెళ్లే బస్సులో కూర్చుని ల్యాప్‌టాప్‌లో రంగులు సరిచేస్తున్నాను. మబ్బు మరీ నల్లగా ఉందని కాస్త తెలుపు చేశాను.

పక్క సీట్లోని పెద్దావిడ ఊరుకోలేదు. "ఏంది బిడ్డా, గంత మంచి మబ్బును ఖరాబు చేస్తివి? మిరుగు కార్తె పోయింది, వానల్లేక మా విత్తనాలింక ఇంట్లనే ఉన్నయి. గది నల్లగుంటెనే పానం నిమ్మలమైతది."

"మా దగ్గర ఆ మబ్బు కనిపిస్తే భయపడి పడవలు ఒడ్డుకు లాగేస్తారమ్మా" అన్నాను.

అయినా నవ్వుకుంటూ నలుపు మళ్లీ తెచ్చాను. ఆమె తెర మీది మబ్బును వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది.

"మీకు ఎక్కువైతే జర మా దిక్కు తోలుండ్రి" అంది, పశువుల మంద గురించి అడిగినట్టు.