టార్చి అక్క, నేను, ఒక రంగు డబ్బా

మా వీధిలో మా ఆవిడ పేరు అడిగితే సగం మంది చెప్పలేరు. టార్చి అక్క అని అడగండి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా గుమ్మం ముందు దింపుతారు. మా ఊరి ఆరోగ్య బోర్డులో ఆమెది దోమల పని. ఆఫీసు కాగితాల్లో ఆ ఉద్యోగానికి రెండు లైన్ల పేరుంది, నాకు ఎప్పుడూ నోరు తిరగలేదు. మూడో వార్డులో ఉన్న మూడు వందల ఇళ్ళకు వారానికోసారి వెళ్ళి, నీళ్ళు నిలవున్న ప్రతిచోటా టార్చి వేసి చూడటం, దోమపిల్లలు కనపడితే పారబోయించడం. అదీ పని.

నీళ్ళ నిలవ అంటే మీకూ నాకూ డ్రమ్ములు గుర్తొస్తాయి. ఆమెకు పూలకుండీ కింద పళ్ళెం, మేడ మీద పారేసిన టైరు, కోళ్ళకు పెట్టిన చిప్ప, ఫ్రిజ్ వెనకాల ట్రే గుర్తొస్తాయి. ఒకసారి చుట్టపుచూపుగా ఎవరింటికో వెళ్తే, వాళ్ళు టీ పెట్టి తెచ్చేలోపు ఈవిడ వాళ్ళ ఫ్రిజ్ వెనక్కి దూరింది. ఆ చుట్టాలు మమ్మల్ని మళ్ళీ పిలిస్తే ఒట్టు.

ఆమె సరంజామా చాలా తక్కువ. ఒక టార్చి, పొడుగు కాడ గరిటె, అంచు పెచ్చులూడిన తెల్ల పింగాణీ గిన్నె. గరిటెతో నీళ్ళు మెల్లగా ముంచి గిన్నెలో పోసి వెలుతురుకు వంచుతుంది. తెల్లటి అడుగు మీద పురుగు ఎంత సన్నదైనా దాక్కోలేదు. ఏమీ లేకపోతే తలుపు వెనక వేలాడే కార్డు మీద తేదీ వేసి, సున్నా చుట్టి, సంతకం పెట్టి పక్కింటికి వెళ్తుంది.

నేను టైలర్ని. మా ఇంటి ముందు గదే నా కొట్టు. మా ఇల్లు కూడా ఆ వార్డులోనే ఉంది కాబట్టి సోమవారం సోమవారం మాకూ తనిఖీ తప్పదు. పొద్దున్న నా పక్కన కూర్చుని టీ తాగిన మనిషే పది గంటలకు నీలం కోటు తొడుక్కుని వీధి వైపు నుంచి వచ్చి, "టైలర్ గారూ, లోపలికి రావచ్చా?" అని అడుగుతుంది. కోటు ఒంటి మీద ఉన్నంతసేపూ నేను టైలర్ గారిని, ఆమె మేడమ్. ఇంట్లో నోరారా "ఏవండీ" అనే మనిషి పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా కోటులో ఉండగా ఆ మాట అనలేదు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

మా అమ్మకు మాత్రం అలవాటు కాలేదు. ఒక సోమవారం మా అమ్మ తొట్టిలో దోమపిల్లలు కనపడ్డాయి. కోడలు గరిటె తీసేలోపే అమ్మ గబగబా ఆ నీళ్ళు వీధిలోని మురుక్కాలవలో కుమ్మరించింది.

"అదేం పని అత్తయ్యా, మీరు వాటికి ఇల్లు మార్చారంతే. కాలవలో హాయిగా బతుకుతాయి. ఎండిన నేల మీద పొయ్యాలి, అప్పుడు చస్తాయి" అంది మా ఆవిడ.

"పోస్తేనే తప్పయితే ఇక నేనేం చెయ్యనే?" అని అమ్మ మూతి ముడుచుకుంది. కోడలు అత్తగారి పేరు మీద నోటీసు రాసి, అత్తగారి చేతే వేలిముద్ర వేయించుకుంది. ఆ పూట నేను ఇద్దరి మధ్యా పడి నలిగిపోయాను. ఆ ఎండిన నేల పాట మాత్రం ఆమె వార్డంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వద్దన్నా అందరికీ కంఠతా వచ్చేసింది.

ఆమె సంచిలో ఇంకొకటి కూడా ఉండేది, నోటికి గుడ్డ కట్టిన గాజు సీసా. అందులో బతికున్న దోమపిల్లలు. "మా ఇంట్లో దోమలు బయటినుంచి వస్తాయమ్మా" అనేవాళ్ళకు ఆ సీసా తీసి చూపించేది. టార్చి వెలుగు పడగానే తోకలాడిస్తూ అవి కిందికి మునిగేవి. ఆ తర్వాత ఎవరూ వాదించేవాళ్ళు కాదు. వారం తిరిగేసరికి అవి రెక్కలొచ్చి దోమలైపోతాయి కాబట్టి, ఎప్పటికప్పుడు పాతవాటిని చంపి, ఏదో ఒక ఇంట్లో దొరికిన కొత్తవాటిని సీసాలోకి తీసుకునేది.

ఇలా ఉండగా బోర్డు వాళ్ళు ఒక మాట తేల్చారు. ఐదు వార్డులకూ కలిపి తాత్కాలికంగా పనిచేస్తున్నవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ముగ్గురినే పర్మనెంటు చేస్తారు, మిగతా ఇద్దరూ ఇంటికే. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒక్కో వార్డులో చీటీలు తీసి, వచ్చిన ఇరవై ఇళ్ళూ స్వయంగా చూస్తుంది. దోమపిల్ల కనపడితే ఆ వార్డు పోయినట్టే. మా వార్డుకు శనివారం వస్తానంది. చూడటం అయ్యాక బడిలో పిల్లలకు సీసా చూపించి పాఠం చెప్పాలని కూడా మా ఆవిడకు కబురు పెట్టింది.

ఇళ్ళ గురించి ఆమెకు బెంగ లేదు. బెంగంతా సీసా గురించే. అప్పటికి నెల రోజులుగా మా వార్డులో ఒక్క దోమపిల్ల దొరకలేదు. సీసాలో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ సోమవారం మూడు వీధులు తిరిగి, గిన్నె ఖాళీగా తెచ్చుకుని, కోటు విప్పకుండానే నా కట్టింగ్ బల్ల మీద కూలబడింది.

"పదకొండేళ్ళు వీటిని చంపడానికి తిరిగానండీ. ఇప్పుడు నాలుగంటే నాలుగు దొరక్క తిరుగుతున్నాను" అంది. అని నవ్వింది గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోటు విప్పకుండానే అండీ అంది కాబట్టి అదీ లెక్కలోకి వస్తుందా అని మీరు అడగవచ్చు. రాదు, ఏవండీ అని పిలవలేదు కదా.

నాకు ఉండబట్టలేదు. భార్య కష్టపడుతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు నేను. ఆలోచించకుండా సాయం చేసే రకం. ఆ సాయంత్రమే ఒక పాత రంగు డబ్బా కడిగి, నీళ్ళు పోసి, రెండు ఎండుటాకులు వేసి, పెరట్లో మెట్ల కింద పెట్టాను. మా ఇంటి తనిఖీ ఆ పొద్దున్నే అయిపోయింది, మళ్ళీ సోమవారం దాకా ఆమె ఆ మెట్ల కింద టార్చి వెయ్యదు. శుక్రవారం రాత్రిలోగా సీసా నింపి ఆమె చేతిలో పెట్టి, మిగతావి పారబోయాలని నా ప్లాను. నిజం చెప్పాలంటే, ఆమె ముఖం ఎలా వెలిగిపోతుందో తలుచుకుని మిషను తొక్కుతూ నాలో నేనే నవ్వుకునేవాణ్ణి.

శుక్రవారం పొద్దున్న వంగి చూస్తే డబ్బా నిండా దారప్పోగుల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. నలభై దాకా ఉంటాయి. సొంతంగా కోట్లు కుట్టడం నేర్చుకున్ననాడు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

పదకొండు గంటలకు ఒక కస్టమరుకు చొక్కా సరిచూస్తున్నాను. ఒక చెయ్యి గుండుసూదులతో కుదిర్చాను, రెండో చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది. అప్పుడు మా అమ్మ కూరల సంచి ఊపుకుంటూ వచ్చి, "ఒరే, డాక్టరమ్మ ఇవాళే దిగింది. చెప్పకుండా రావడం ఆవిడకు అలవాటంట. మన వీధిలోకి వచ్చేశారు" అంది.

అలాగే కస్టమరును వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను. డబ్బా ఎత్తాను. ఎక్కడ పొయ్యను? పోయినేడు ముచ్చటపడి పెరడంతా సిమెంటు చేయించుకున్నది నేనే. తూము చూస్తే తిన్నగా కాలవలోకి పోతుంది. డబ్బా తూము మీదికి వంచబోయాను. వంగలేదు. నా చెయ్యి నా మాట వినలేదు. కాలవలో హాయిగా బతుకుతాయి అన్న మాట చెవిలో మోగింది. ఎండిన నేల అంటే వీధి చివర ఖాళీ స్థలం ఒక్కటే ఉంది, మా ఇంటికి తొమ్మిది ఇళ్ళ అవతల. డబ్బా మీద ఒక లైనింగు గుడ్డ కప్పి, మెడలో టేపు వేలాడుతుండగా వీధిలో పడ్డాను.

ఆరో ఇంటి గేటు తీసుకుని వాళ్ళు ముగ్గురూ బయటికి వచ్చారు. చీటీల డబ్బా పట్టుకున్న గుమాస్తా, మా మేనకోడలి వయసున్న డాక్టరమ్మ, నీలం కోటులో మా ఆవిడ. ఆగబోయి డాక్టరమ్మ కాళ్ళ దగ్గరే ఆగాను. గుడ్డ జారిపోయింది.

"టైలర్ గారూ, ఏంటది?" అంది మా ఆవిడ.

నా జవాబు కోసం ఆగకుండానే టార్చి వేసి డబ్బాలోకి చూసింది. పట్టపగలు టార్చి అక్కర్లేదు గానీ, అలవాటు. ఆమె ముఖం పాలిపోయింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఈయన ఇల్లు చీటీల్లో వచ్చిందా?" అని డాక్టరమ్మ అడిగింది.

గుమాస్తా కాగితం చూసి, "లేదు మేడమ్. ఇరవై ఇళ్ళూ అయిపోయాయి. అన్నీ సున్నాలే" అన్నాడు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కదలకుండా కొట్లో కూర్చుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదని అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ కూడా కలం జేబులో పెట్టుకోబోయింది.

"చీటీల్లో లేకపోయినా వార్డులో ఉంది మేడమ్" అంది మా ఆవిడ. "నూట నలభై రెండో నంబరు ఇల్లు. రాసుకోండి. ఇంకోటి కూడా చెప్పాలి. ఈయన మా ఆయన."

"దీని తప్పు లేదు డాక్టరు గారూ, దీనికి తెలియనే తెలియదు" అని నేను అడ్డం పడ్డాను. సీసా సంగతి, బడి సంగతి, నా తెలివితేటల సంగతి గుక్క తిప్పుకోకుండా మొత్తం కక్కేశాను. గుమాస్తా నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. డాక్టరమ్మ నవ్వలేదు. నా కాళ్ళ పక్కనే పారుతున్న మురుక్కాలవ వైపు చూసింది.

"పారెయ్యడానికే పరిగెత్తారు కదా. కాలవ మీ గుమ్మం ముందు నుంచే ఉంది. ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చారు?"

"కాలవలో పోస్తే చావవండి. ఎండిన నేల మీద పొయ్యాలి. పదకొండేళ్ళుగా వింటున్నాను, ఎలా పొయ్యమంటారు?"

అప్పుడే ఒంటి చేతి చొక్కాతో, గుండుసూదులు గుచ్చుకోకుండా చెయ్యి ఎత్తి పట్టుకుని నా కస్టమరు రొప్పుతూ వచ్చాడు. డాక్టరమ్మ అతని వైపు తిరిగి, "మీ ఇంట్లో ఇలాంటి నీళ్ళు ఉంటే ఎక్కడ పోస్తారు?" అని అడిగింది.

"ఎండిన నేల మీదండి. కాలవలో పోస్తే ఇల్లు మార్చినట్టే" అని అతను పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసి, "టైలర్ గారూ, నా రెండో చెయ్యి సంగతేంటి?" అన్నాడు.

డాక్టరమ్మ కలం మళ్ళీ తీసి, కాగితం అడుగున చాలాసేపు రాసింది. ఏం రాసిందో చూపించలేదు. మా ఆవిడ ఆ డబ్బా నా చేతిలోంచి తీసుకుని, నాలుగు దోమపిల్లల్ని సీసాలోకి పట్టి, మిగతావి ఖాళీ స్థలంలో ఎండలో పోయించింది. మర్నాడు బడిలో పాఠం బ్రహ్మాండంగా జరిగిందట. నాకు ఇంటికొచ్చి చెప్పలేదు, పక్కింటి పిల్లలు చెప్పారు. రెండు రోజులు మా ఇంట్లో గిన్నెలు మాత్రమే మాట్లాడాయి. మా అమ్మ ఆ రెండు రోజులూ కోడలి పక్షమే.

మూడో రోజు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ మా ఆవిడ గరిటె పట్టుకునే ఆగిపోయింది. "మొగుళ్ళు పెళ్ళాలకు చీరలు తెస్తారు. నాకు దోమల్ని పెంచిన మొగుడు దొరికాడు" అంది. అని పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతే నా వల్ల పోయినట్టే కదా. పది రోజులు ముద్ద దిగలేదు.

పదకొండో రోజు గుమాస్తా రెండు కవర్లు తెచ్చాడు. మొదటిది మా ఆవిడకు, పర్మనెంటు ఆర్డరు. డాక్టరమ్మ ఆ రోజు రాసింది కూడా అతనే చెప్పాడు. మిగతా వార్డుల వాళ్ళు చెప్పే సున్నాలు తాను వెళ్ళి సరిచూసుకోవాలట, ఈవిడ చెప్పే సున్నా మాత్రం చూడకుండానే నమ్మవచ్చట. కాలవ పక్కనుంచి పరిగెత్తి కూడా అందులో పొయ్యని మనుషులున్న వార్డు ఇంకోటి లేదట. రెండో కవరు నాకు. నోటీసు. వారం రోజులు కొట్టు తలుపు మీద ఎర్ర కాగితం అంటించాలి. అంటించాను. వచ్చిన ప్రతి కస్టమరూ దాన్ని పైకి చదివి గానీ కొలతలు ఇవ్వలేదు.

ఆ సోమవారం పది గంటలకు మా ఆవిడ కొత్త నీలం కోటు తొడుక్కుని వీధి వైపు నుంచి వచ్చి, ఎర్ర కాగితం పక్కన నిలబడింది. ఆ కోటు నేనే కుట్టాను. మిషను ఆపి, లేచి నిలబడి, "రండి మేడమ్" అన్నాను.

"ఏవండీ, ఆ మెట్ల కింద ఏముందో ఒకసారి చూపిస్తారా?" అంది.

వీధిలో ముగ్గురు నలుగురు ఉన్నారు, అందరూ విన్నారు. ముందు నడిచి చూపించాను. టార్చి వేసి మూలమూలా వెతికి, కార్డు మీద సున్నా చుట్టి, సంతకం పెట్టి పక్కింటికి వెళ్ళిపోయింది.