వంత తీసేసిన యక్షగానం

భారతమ్మ వంత పాడే మనిషి. యక్షగానంలో రాజు వేషగాడు చరణం పాడతాడు. దాని చివరి మాట పట్టుకుని ఆమె మళ్ళీ ఎత్తుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే అతను ఊపిరి తీసుకుంటాడు, గిరికీ కొడతాడు, తర్వాతి చరణం గుర్తు చేసుకుంటాడు. గుర్తు రాకపోతే ఆమె తన పాట చివర ఆ చరణంలోని మొదటి మాట మెల్లగా జారవిడుస్తుంది. జనానికి తెలియదు. నాకూ ఆరేళ్ళు పక్కన కూర్చుని వింటేగానీ తెలియలేదు.

జనగామ వైపు పల్లెలో ఆమె తండ్రి రైతులతోనే భాగోతం మేళం నడిపాడు. పదకొండో ఏట వంతకు నిలబడిన పిల్లకు ఇప్పుడు అరవై దాటాయి. తార్నాకలో ఒక గది. పగలు యూనివర్సిటీ క్యాంపస్‌లో, నేను లెక్కలు రాసే లేడీస్ హాస్టల్ మెస్సులో వంట. వేషం ఎన్నడూ కట్టలేదు కనుక మేళం దిగిన ఏ ఫొటోలోనూ ఆమె లేదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక సాంస్కృతిక సంఘం క్యాంపస్‌లో హాలు తీసుకుని, 'మన పాటల నాటకానికి పండుగ' అంటూ యక్షగానం పెట్టించింది. రాజు వేషం అంబర్‌పేట్ రాంచందర్‌ది. బస్సు డ్రైవరుగా రిటైరయినవాడు. రిహార్సల్‌కు సంఘం కార్యదర్శి శశిభూషణ్ గారు వచ్చి, రెండు చరణాలు విని చేయెత్తి ఆపారు.

"చూడండి భారతమ్మ గారూ, ఆయన పాడిందే మీరు మళ్ళీ పాడుతున్నారు. సగం టైమ్ దానికే పోతోంది. మనకున్నది గంట. వంత తీసేద్దాం."

"తీసేస్తే ఆయన ఊపిరెప్పుడు దీసుకోవాలె సార్? ఇంటికి పోయినంకనా?"

"మైకుంది కదండీ!"

"మైకు ఊపిరి వోస్తదా?"

రాంచందర్ ఏదో అనబోయాడు. శశిభూషణ్ గారు అప్పటికే ఫోన్లో ఉన్నారు.

పండుగట! నాకు ఒళ్ళు మండిపోయింది. గౌరవిస్తామని పిలిచి ఊపిరితిత్తులు కోసి పక్కన పెట్టడం ఎక్కడి మర్యాద? ఆమె మాత్రం మెస్సుకు వెళ్ళి వంకాయలు తరుగుతూ ఒక్కటే మాట అంది: "యాభై ఏండ్ల సంది నేను పాడిందంతా ఎక్కువైందట."

ప్రదర్శన నాడు మూడో వరుసలో నా పక్కన కూర్చుంది. రాజు అడవిలో దారి తప్పే ఘట్టం. రాంచందర్ మొదటి చరణం బాగానే పాడి, అలవాటు కొద్దీ ఎడమకు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. రెండో చరణానికి ఆయాసం వచ్చింది. మూడోదాని మధ్యలో గొంతు నిలవక, కిరీటం సర్దుకుంటూ ఆగిపోయాడు. అయిపోయిందనుకుని హాలంతా చప్పట్లు.

భారతమ్మ లేచింది. "చప్పట్లేంది? రాజు ఇంకా అడవిలనే ఉన్నడు గదా!"

స్టేజీ మెట్ల దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయి అడ్డు నిలబడింది. "ఆంటీ, పైకి ఆర్టిస్టులే వెళ్ళాలి."

"మరి నేనెవరిననుకున్నవ్ బిడ్డా?"

వాదించలేదు. అక్కడే, స్టేజీ కిందే నిలబడి, అతను వదిలేసిన మాట పట్టుకుంది. మైకు లేకుండానే చివరి వరుస దాకా వినబడింది. మద్దెలాయన నవ్వుకుంటూ దెబ్బ వేశాడు. రాంచందర్ ఒక గిరికీ కొట్టి, గుండెల నిండా గాలి నింపుకుని అందుకున్నాడు. చరణం, వంత; చరణం, వంత. వెనక హాస్టల్ పిల్లలు ఈలలు వేశారు.

గంట కాగానే శశిభూషణ్ గారు మైకు ముందుకొచ్చారు. "సమయాభావం వల్ల ఇంతటితో..."

"అక్కా, ఏం జేద్దాం?" రాంచందర్ పైనుంచి అడిగాడు.

"ఇంతమంది ముంగట రాజును అడవిల ఇడిచిపెట్టి ఇంటికెట్ల పోతం తమ్మీ? నువ్వెత్తుకో."

శశిభూషణ్ గారు మైకు ఆపేయించారు. తలుపులు తెరిపించారు. ముందు వరుసలోని పెద్దలు లేచి వెళ్ళిపోయారు. ఆమె గొంతు ఇంకాస్త పెంచింది. గుమ్మం దాకా పోయినవాళ్ళు కొందరు వెనక్కొచ్చి ఆ ఖాళీ కుర్చీల్లో కూర్చున్నారు. రాజు ఊరు చేరేసరికి ఇంకో నలభై నిమిషాలు పట్టింది.