మసక మళ్ళీ కమ్మినప్పుడు

రెండువేల పద్దెనిమిదో సంవత్సరం ఆగస్టు ఐదో తేదీ, ఆదివారం, ఉదయం పదకొండున్నర గంటలకు, ఈ మందిరంలోనే ప్రభువు బల్ల దగ్గర గిన్నె అందుకోబోతుండగా, నా కుడి కంటికి కింది నుంచి నల్లటి తెర లేచింది. సహోదరులారా, సహోదరీలారా, నాకున్నది ఆ ఒక్క కన్నేనని మీకు తెలుసు. ఎడమది చిన్నతనంలోనే తుమ్మముల్లు గుచ్చుకొని పోయింది. అప్పటికి కొన్నాళ్ళుగా కంట్లో మెరుపులు మెరుస్తున్నాయి, నల్లచుక్కలు దోమల్లా తేలుతున్నాయి, అయినా మగ్గం మీద పాత పోగుకు కొత్త పోగు అతికే పనిలో కన్ను అలిసిందనుకున్నాను గాని, ఇంత చీకటి వస్తుందని అనుకోలేదు!

దేవరకొండలో బస్సెక్కించి నన్ను హైదరాబాదు కంటి దవాఖానకు తీసుకుపోయింది యాదమ్మ. ఆమె నా తోటికోడలు, మా మరిది భార్య. మన విశ్వాసంలో లేదు, ఎల్లమ్మకు మొక్కుతుంది, అయినా మా ఇద్దరి భర్తలు పోయిన తర్వాత ఒకే వాకిట్లో, ఒకే పొయ్యి మీద బతుకుతున్నాం. డాక్టరమ్మ చూసి, కంటి వెనుక గోడకుండే పొర ఊడిందని, కనుగుడ్డు నిండా ఉండే జిగురులాంటి పదార్థాన్ని తీసేసి, గ్యాస్ నింపి పొరను మళ్ళీ అతికిస్తానని చెప్పింది. ఆపరేషన్ అయ్యాక, తాను చెప్పినన్ని రోజులు ముఖం నేలకు పెట్టి బోర్లా పడుకోవాలంది. మనం ప్రార్థనలో సాగిలపడి లేస్తాం. నేను లేవకుండా సాగిలపడ్డాను! మంచం అంచు బయటికి తల వంచి పడుకుంటే, యాదమ్మ నా ముఖం కింద నేల మీద వెల్లకిలా పడుకొని నాతో మాట్లాడేది.

“అక్కా, నీ మొఖం గిట్ల కిందికెల్లి చూస్తె నవ్వొస్తాంది.”

“నవ్వకే, నాకు గూడ నవ్వొస్తది, తలకాయ కదులుతది.”

“కదిలితె నీ దేవుడు నన్ను కొడతడు. సరే, నవ్వ. నోరు తెరువు, బువ్వ పెడత.”

దేవుడు కనికరించాడు. పొర అతుక్కుంది, చూపు వచ్చింది. ఆ క్రిస్మస్ నాడు ఇక్కడే నిలబడి నేను సాక్ష్యం చెబితే మీరందరూ చప్పట్లు కొట్టి స్తుతించారు.

మరుసటి ఎండాకాలానికి మసక కమ్మింది. దీపం చుట్టూ వలయాలు, తెల్లచీర పసుపుపచ్చగా, మనుషుల ముఖాలు పొగలో ఉన్నట్టు! పొర మళ్ళీ ఊడిందేమోనని వణికిపోయి మన సంఘపెద్దతో చెప్పుకుంటే, ఆయన బాధపడి, “అమ్మా, దేవుడు బాగుచేసిన కన్ను మళ్ల దవాఖానల చూపిస్తె నీ సాక్ష్యం అబద్ధమైతది. నూనె రాసుకొని ప్రార్థన చెయ్యి, నీకోసం నేను ఉపాసముంట,” అన్నాడు. అన్నట్టే ఉపవాసం ఉన్నాడు. ప్రేమతో చెప్పిన మాట కాబట్టి నేనూ నమ్మాను, వానాకాలమంతా అట్లాగే గడిపాను. “ప్రభువా, నీ పేరట ఇంతమంది ముందు చెప్పిన మాటను అబద్ధం చేయకు తండ్రీ! ఇచ్చిన చూపును ఎందుకు వెనక్కి తీసుకుంటున్నావు?” అని ఏడ్చేదాన్ని.

ఒకనాటి సాయంత్రం పొయ్యి మీది గంజు కనబడక తడిమి చెయ్యి కాల్చుకున్నాను. యాదమ్మ నా చేతిని నీళ్ళ బకెట్లో ముంచి పట్టుకుంది.

“అక్కా, పొద్దుగాల బువ్వ తిన్నవా?”

“తిన్న.”

“మాపటికి మళ్ల ఆకలైందా?”

“అయింది.”

“గట్లని పొద్దుగాల నీ దేవుడు బువ్వ పెట్టలేదంటవా?”

నేను చెయ్యి బయటికి తీయబోతే, ఆమె మళ్ళీ నీళ్ళలో ముంచింది.

“నీ పెద్దాయన మాటకు అడ్డమెందుకని ఇన్నాళ్లు ఊకున్న. గా ఆపరేషనైనంక మోతిబిందు వస్తదని డాక్టరమ్మ ఆ దినమే చెప్పింది. నేను విన్న. నువ్వు కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తున్నవు!”

సహోదరులారా, ఆ మాట దేవుడే ఆమె నోట పలికించాడని నేను నమ్ముతున్నాను. మేము దవాఖానకు వెళ్ళాం. డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, పొర గట్టిగానే ఉందని, ఇది యాదమ్మ అన్న మోతిబిందే, శుక్లమని, కంటిలోని జిగురు తీసిన తర్వాత నా వయసువాళ్ళలో చాలామందికి ఇట్లా వస్తుందని చెప్పింది. దేవుడు చేసిన పని చెక్కుచెదరలేదు! మసకబారింది దాని ముందున్న అద్దం మాత్రమే! అయితే ఆ జిగురు లేనందువల్ల ఆ అద్దానికి వెనుక ఆసరా తక్కువని, మామూలు శుక్లం కన్నా జాగ్రత్తగా తీయాలని, ఉన్నది ఒక్క కన్నే కాబట్టి ఆలోచించుకొమ్మని కూడా అంది. నేను సరేనని ఆపరేషన్ బల్ల మీద పడుకొని, “యేసయ్యా, ఈ కన్ను నీది, ఈ డాక్టరు తల్లి చేతులు నీవి, నన్ను చీకట్లో ఉంచినా వెలుగులో ఉంచినా నేను నీదాన్ని,” అన్నాను. భయం పోలేదు గాని, భయంలో ఒంటరిగా లేను.

మర్నాడు కట్టు విప్పితే ఎదురుగా యాదమ్మ!

“ఏందే, నీ తల ముగ్గుబుట్టయింది?”

“ఎప్పుడో అయింది. నీకన్న పడుసుదాని లెక్క కనబడుతున్న అనుకున్న, గది గూడ పాయె!” అని నా చేతులు పట్టుకొని ఏడ్చింది.

ఇవాళ నన్ను మళ్ళీ నిలబడి చెప్పమన్నది మన సంఘపెద్దే. ఆ మంచి మనసుకు వందనాలు. మీలో ఎవరికైనా ఒకసారి తీరిన కష్టం మళ్ళీ వస్తే, దేవుడు మాట తప్పాడనుకోకండి, ముందు చెప్పిన సాక్ష్యానికి సిగ్గుపడకండి. ప్రార్థన చేయండి, దవాఖానకూ వెళ్ళండి, రెండు చోట్లా ఆయనే ఉన్నాడని నమ్మండి. దేవునికే మహిమ కలుగును గాక!

పోయినవీ చెప్పాలి, దాచితే అది సాక్ష్యం కాదు. కుడి కంటి చూపులో కింది అంచు తిరిగి రాలేదు, మెట్లు దిగాలంటే యాదమ్మ భుజం కావాలి. పోగులు అతికే పని పోయింది. మసక కమ్మిన ఆ ఎండాకాలంలోనే నా కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఒడిలో పెట్టుకున్నాను, ఎత్తుకున్నాను, దాని ముఖం మాత్రం చూడలేదు. దాని బోసినవ్వు పోయింది. నేను చూసేసరికి పళ్ళు వచ్చాయి.