బావమరిది చేతిలో కత్తి

మా బావమరిది మంగలి. వాణ్ని సొంత పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, వీధంతా రీల్సు అంటారు. ఏ తల కత్తిరించినా ముందొక వీడియో, తర్వాతొక వీడియో. పెట్టిన క్షణం నుంచీ ఎంతమంది చూశారోనని ఫోన్‌లో తల దూర్చడమే. ఒక చేత్తో దువ్వెన, ఇంకో చేత్తో లైకులు. చెబితే వినే రకం కాదు.

పోయిన నెల గడ్డం గీస్తూ, పక్కనున్న ఫోన్ వెలగగానే అటు చూశాడు. కుర్చీలో ఉన్న లెక్కల మాస్టారికి చెవి కింద తెగి కుట్లు పడ్డాయి. అప్పట్నుంచి జుట్టుకు వస్తున్నారు గానీ, గడ్డానికి ఒక్కడూ గొంతు అప్పగించడం లేదు. వాడూ హడలిపోయి ఫోన్ పెళ్లాం చేతికిచ్చేశాడు, అడిగినా ఇవ్వొద్దని ఒట్టు వేయించాడు.

"మీరెళ్లి కూర్చోండి. మీరు కూర్చుంటేనే వాడికి ధైర్యం, చూసేవాళ్లకి నమ్మకం" అంది మా ఆవిడ. తమ్ముడి మీద అంత ప్రేముంటే తనే గడ్డం పెంచుకోవచ్చుగా అనబోయి ఊరుకున్నాను.

వెళ్లి కూర్చున్నాను. బెంచీ మీద వేచి ఉన్న ఇద్దరూ పేపర్ దించి నన్నే చూస్తున్నారు. వాడు మెడకు గుడ్డ కట్టి, నురగ పూసి, కొత్త బ్లేడు వేసి, కత్తి ఎత్తాడు. అద్దంలో వాడి ముఖం చూసి నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"భయమేస్తోందా బావా?"

"నాకెందుకు భయం? ఇన్సూరెన్స్ ఉందిగా, మీ అక్క చూసుకుంటుంది."

వాడు నవ్వలేదు. ఒక చెంప అయింది. దవడ దగ్గరికి రాగానే ఉలిక్కిపడి కత్తి వెనక్కి తీశాడు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబు తడుముకుంది.

"ఫోన్ లేదు బావా. అయినా మోగినట్టే ఉంటోంది. అన్నం తింటున్నా, నిద్రలో ఉన్నా. ఇదెప్పటికి పోతుందో ఏమో!"

నాకు కోపమంతా పోయి జాలేసింది. ఈ చెయ్యి కుదుటపడకపోతే షాపు మూసుకోవాల్సిందే, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వాడు కాసేపు బల్ల పట్టుకుని నిలబడి, ఊపిరి పీల్చుకుని మళ్లీ వచ్చాడు. నా తల వెనక్కి వంచాడు. కత్తి కంఠం మీదికొచ్చింది. నేను గుటక కూడా మింగలేదు.

అప్పుడు నిజంగానే బుర్రుమంది. నా జేబులో.

కావాలని చేసింది కాదు. గుడ్డ కింద నా చెయ్యి జేబులోకి పోయింది, దాంతోపాటే మెడా లేచింది. బెంచీ మీద ఎవరో "అయ్యో!" అన్నారు.

కత్తి అప్పటికే గాల్లో ఉంది. వాడు రెండో అరచేత్తో నా నుదురు అదిమి పట్టాడు. ఆ చెయ్యి కాస్త కూడా వణకలేదు.

"కదలకు బావా" అన్నాడు మెల్లగా. "ముందు ఆ ఫోన్ ఇటివ్వు."

ఇచ్చాను. మిగతా గడ్డం గీశాడు, ఒక్క గాటు పడలేదు. బెంచీ మీది పెద్దాయన పేపర్ మడిచి "తర్వాత నేనే" అంటూ లేచాడు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి మా వాడు నవ్వాడు. నేను అద్దం వైపైనా చూడకుండా, ఫోన్ కోసం చెయ్యి చాపాను.