రిజిస్టర్‌కెక్కని మూడు ఎక్స్‌రేలు

ఒడిశా బరంపురంలోని ఒక పెద్దాసుపత్రికి నన్ను రేడియేషన్ భద్రతాధికారిగా వేసింది పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు. పేరు పెద్దదే. పనేమో ఎక్స్‌రే గదుల చుట్టూ తిరగడం, రోగులకు ఎంత డోసు అందుతోందో అంచనా కట్టి నెలనెలా పైకి పంపడం. పంపినవి ఎవరైనా చదివారో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఒంట్లోకి మీటరు పెట్టి కొలవలేం కదా. ఎన్ని కిలోవోల్టులు పెట్టారు, ఎంత దూరం నుంచి తీశారు, ఎన్నిసార్లు తీశారు అన్నది రిజిస్టర్‌లో చూసి, లోపలి అవయవానికి ఎంత చేరిందో పట్టికల సాయంతో తేలుస్తాం.

చివరి ఏడాది గేట్ బజార్ బట్టల కొట్టువారి కోడలు సుగుణ వచ్చింది. మెట్ల మీద జారిపడితే మా దగ్గరే నడుముకి ఎక్స్‌రే తీశారు. పెళ్లయిన పదకొండేళ్లకు నెల తప్పిందని ఆ తర్వాత రెండు వారాలకు తెలిసింది. ఎక్స్‌రే పడింది కాబట్టి గర్భం తీయించేయమని బయట ఒక డాక్టరు చెప్పాడట. ఉంచుకోవచ్చో లేదో ఇప్పుడు నా అంకె చెప్పాలి.

రిజిస్టర్ తెరిచి, తీసింది రెండే, భయం లేదన్నాను. ఆమె కదల్లేదు.

"రెండేటి సార్? ఊపిరి బిగబట్టమని అయిదుసార్లు సెప్పినాడు. నొప్పికి కదిలిపోనాను, మళ్లీ మళ్లీ తీసినాడు. సరిగ్గా సూడండి."

నాకు ఒళ్లు మండింది. టెక్నీషియన్ ప్రఫుల్లను పిలిచాను. ముందు కాదన్నాడు. తర్వాత తల దించుకుని, "ఆజ్ఞా, అయిదే" అన్నాడు. ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని. చెడిపోయిన మూడూ కంప్యూటర్‌లోంచి తుడిచేశాడు. ఎందుకయ్యా అని అరిచాను. ఒకసారి తీసింది మళ్లీ తీస్తే సంజాయిషీ రాయాలని మీరే కదండీ ఆర్డరు వేశారు, అన్నాడు ఒడియాలో. నిజమే. డోసు తగ్గుతుందని వచ్చిన కొత్తలో వేశాను.

అయిదూ కలిపి మళ్లీ కట్టాను. డోసు పది మిల్లీగ్రేలు దాటలేదు. ఆలోచించాల్సి వచ్చేది వంద దగ్గర. ఈ కారణంతో గర్భం తీయించక్కర్లేదని రాసి, మా కాన్పుల డాక్టరమ్మకు ఇమ్మని ఆమె చేతికిచ్చాను. సుగుణ ఆ కాగితం కళ్లకద్దుకుని ఏడ్చేసింది. వెళ్తూ వెళ్తూ అడిగింది: "నాను లెక్కెట్టకపోతే ఏటయ్యేది సార్?"

ఆమెకేమీ అయ్యేది కాదు. రెండయినా అయిదయినా జవాబొకటే. కానీ ఆ మాట అనడానికి సిగ్గేసింది. అది నా అదృష్టమే తప్ప నా పనితనం కాదు.

ఆర్డరు రద్దు చేశాను. మరుసటి నెల రిజిస్టర్‌లో రిపీట్లు ఒక్కసారిగా పెరిగాయి. అంతకుముందు మూడేళ్ల నివేదికలు నమ్మదగ్గవి కావని పైకి రాశాను. జవాబు రాలేదు.

సంజాయిషీకి భయపడి రాసిన రిజిస్టర్‌ని పట్టుకుని డోసు కట్టకూడదని అలా తెలిసింది. ఆ మూడేళ్లలో ఇంకెందరికి తప్పు అంకె చెప్పానో కట్టడానికి మాత్రం పద్ధతేదీ లేదు.