వియ్యపురాలి స్టెప్పులు

మా కోడలు దుర్గ్ అమ్మాయి, హిందీవాళ్ళ పిల్ల. సంబంధం ఖాయమైన రోజునే వాళ్ళమ్మ నా చేయి పట్టుకుని, తమ ఇళ్ళల్లో సంగీత్ నాడు ఇద్దరు తల్లులూ అందరి ముందూ ఆడాల్సిందేనని నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. పెళ్ళయి విజయనగరం నుంచి ఇక్కడి స్టీల్ ప్లాంటు సెక్టర్ 6 క్వార్టర్‌కి వచ్చిన దగ్గర్నుంచి ఎన్ని బారాత్‌లు చూశానో! అన్నిట్లోనూ నా పని పక్కన నిలబడి ఆడేవాళ్ళ పర్సులు పట్టుకోవడమే.

అలాగని నలుగురిలో తల దించుకోవడం నా వల్ల కాదు. కమ్యూనిటీ హాల్లో కొత్తవాళ్ళకి నేర్పే డాన్స్ క్లాసులో చేరిపోయాను. టీచర్ నా కొడుకు కన్నా చిన్నది. మిగతావాళ్ళంతా కాలేజీ పిల్లలు.

మొదట్లో అంతా లెక్కే. ఏక్, దో, తీన్ అంటుంటే ముందు వరుసలో పిల్ల కాళ్ళు చూసి నేనూ వేసేదాన్ని. ఆ పిల్ల రాని రోజు నాకూ స్టెప్పు రాదు. స్పీకరు బాగాలేదని టీచర్ మీద విసుక్కునేదాన్ని. ఆడలేక మద్దెల ఓడు అనడం నాలాంటి వాళ్ళని చూసే. అయినా మానలేదు. మెల్లగా మోకాళ్ళు లొంగాయి, భుజాలు బిగుసుకోవడం తగ్గింది.

ఒక సాయంత్రం టీచర్ మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి, ఒక్కొక్కరే మధ్యలోకి వచ్చి సొంతంగా ఆడాలంది.

"గిన్‌తీ బంద్, ఆంటీజీ. మన్ మే జో హై, వహీ కరో" అంది నాతో. లెక్క ఆపేసి మనసులో ఏముంటే అది చేయాలట. మనసులో ఏముంది నా మొహం, ఆ మధ్యాహ్నం మా ఆడపడుచు ఫోన్ చేసి రేపిన మంట తప్ప!

"ఏటే, గెంతులు నేర్సుకుంటన్నావట! పెళ్ళికొడుకు తల్లివి, దర్జాగా కుర్సీలో కూకోవాల గానీ" అంది వదిన.

"కూకుని కూకుని నడుం పట్టేసింది వదినా" అని ఫోన్ పెట్టేశాను. కానీ క్లాసుకొచ్చినా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ కోపంలోనే నడుం మీద చెయ్యి పెట్టి, మూతి మూడు వంకర్లు తిప్పి, కాలు నేలకేసి కొట్టి గిరుక్కున తిరిగాను. సరిగ్గా తాళం మీద పడింది! ఇంకోసారి తిరిగాను. పిల్లలు ఈలలు వేశారు. ఇదేమిటని టీచర్ అడిగితే, మా వైపు పెళ్ళిళ్ళలో వియ్యపురాలు ఇలాగే అలుగుతుంది, ఆడపిల్లవాళ్ళు బతిమాలాలి అని చెప్పాను. అదే నా డాన్స్ అని తీర్మానించేశారు.

నా పెళ్ళి సంగతి వాళ్ళకి చెప్పలేదు. మర్యాద తక్కువైందని మా అత్తగారు విస్తరి ముందు నుంచి లేచిపోతే, మా అమ్మ అందరి ముందూ చేతులు జోడించుకుని నిలబడిపోయింది. అది ఆట కాదు.

సంగీత్ రోజు మా ఆడపడుచు ముందు వరుస కుర్చీలో కూర్చుంది. పాట మొదలవగానే నేను అలిగాను. వియ్యపురాలికి ముందుగా ఏమీ చెప్పలేదు, కానీ గడుసుది, ఇట్టే పట్టేసింది. ఎటు తిరిగితే అటు వచ్చి గడ్డం పట్టుకుంది, లేని లడ్డూ నోటికి అందించింది. హాలంతా ఒకటే నవ్వులు. నేను అంతమంది మధ్యలో ఉన్నాను, కాళ్ళు ఆగలేదు. ఆ సంతోషం ఏమని చెప్పను!

అంతలో ఆవిడ సరదాకే రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, దణ్ణం పెట్టబోతూ ముందుకి వంగింది. నేను అనుకున్న ప్రకారం మళ్ళీ మొహం తిప్పుకోవాలి. తిప్పుకోలేకపోయాను. ఆ చేతులు రెండూ కలిసేలోపే పట్టుకుని మధ్యలోకి లాగాను. ఒప్పులకుప్ప తిరగడం మొదలుపెట్టాను.

"అరే సమధన్‌జీ, గిర్ జాయేంగే!" అని కేక పెట్టింది వియ్యపురాలు, పడిపోతామని.

"గిరేంగే తో సాథ్ మే" అన్నాను, పడితే ఇద్దరం పడదామని. పడలేదు. జుట్టుముడులు ఊడిపోయేదాకా తిరిగాం.

ఎన్నాళ్ళు ప్రాక్టీస్ చేశారని తర్వాత అందరూ అడిగారు. ఆ ఒక్కటీ ప్రాక్టీస్ చేసింది కాదు. నా కొడుకు పెళ్ళిలో ఆడపిల్ల తల్లి ఆటకైనా చేతులు జోడించలేదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ దిగలేదు, దిగనివ్వను కూడా.