శనివారం పూట శంషాబాద్‌లో కారు బేరం

నాకు యాభై నాలుగేళ్లు. ఇంటర్మీడియట్ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు ఉంది, దాని కింద పార్కింగులో పన్నెండేళ్ల చిన్న కారు ఉంది. ఇంత నిదానమైన మనిషికి స్పోర్ట్స్ సెడాన్ ఎందుకని మీరు అడగవచ్చు. నా భార్య సుజాత పదేళ్లుగా అదే అడుగుతోంది. చూడటానికి సంసారి కారులా నాలుగు తలుపులుండాలి, వెనక నాలుగు పొగగొట్టాలుండాలి, కాలు ఆనిస్తే చాలు ఉరకాలి. అలాంటి జర్మనీ బండి ఒకటి జీవితంలో నాదనిపించుకోవాలని నా కోరిక. కొత్తది కొనాలంటే ఫ్లాటు అమ్మాలి. పాతదైతే ఫ్లాటు మిగులుతుంది.

కిందటి నెలలో ఫోనులో ఒక ప్రకటన కనబడింది. ముదురు నీలం రంగు, ఎనిమిదేళ్ల బండి, ఎర్ర తోలు సీట్లు, స్థలం శంషాబాద్. కంపెనీ పేరు రాయను, ఊరికే ప్రచారం చేసిపెట్టడం నాకిష్టం లేదు. సుజాతకు చూపించాను. రెండు రోజులు ఆలోచించి ఒక షరతు పెట్టింది.

"నేనూ వచ్చి చూస్తాను. నచ్చితే తీసుకుందాం. నచ్చకపోతే మాత్రం ఇక ఈ జన్మలో మీ నోట కారు మాట రాకూడదు."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. పదేళ్ల కోరిక ఒక్క పూటతో తేలిపోతుందంటే ఎవరికి పడుతుంది?

మా కాలేజీకి కుదిరిన సెలవు రెండో శనివారం ఒక్కటే. శనివారం ఇనుము కొనకూడదని బందరులో ఉన్న మా అత్తవారి పట్టింపు. "అయితే చూసి వద్దాం, కొనవద్దు" అని సుజాత సర్దుకుంది. చిన్న కారులో వెళ్లలేదు. ఒకవేళ మనసు మారి కొంటే రెండు బళ్లు తేవాలి, మా ఇంట్లో డ్రైవరును నేనొక్కడినే కదా అనుకున్నాను.

ఉదయం ఏడుంపావుకు మెట్రో ఎక్కాం. ఎంజీబీఎస్‌లో దిగి, అఫ్జల్‌గంజ్ దాకా నడిచి, ఎనిమిదీ ఇరవైకి శంషాబాద్ బస్సు పట్టుకున్నాం. కండక్టరమ్మ నాకు టికెట్టు, సుజాత ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టి ఇచ్చింది. లక్షల కారు కొనడానికి ఉచిత బస్సులో వెళ్తున్న ఆడమనిషి పక్కన కూర్చోవడం నాకు గర్వంగానే అనిపించింది. ఆరాంఘర్‌లో ఎక్కిన ఒక పెద్దాయన మా మాటలు విని, పాత కారు కొనడం గురించి గగన్‌పహాడ్ దాకా జాగ్రత్తలు చెప్పాడు. "ముంగట జూసి మురవకుండ్రి సార్, కిందికి వంగి చూడుండ్రి" అన్నది వాటి సారాంశం. ఆయన సొంతానికి సైకిలు ఉందట.

తొమ్మిదిన్నరకు శంషాబాద్‌లో దిగాం. బస్టాండు ఎదురుగా ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అక్కడే సుజాత కూరగాయల బండి దగ్గర నాలుగు నిమ్మకాయలు కొంది. ఎందుకని నేను అడగలేదు. ఆమె సంచిలో నిమ్మకాయలు లేని రోజు నాకు గుర్తు లేదు.

అమ్మే మనిషి పేరు దేవదానం. నలభై ఏళ్లుంటాయి. పెళ్లిళ్లకు టెంట్లు, కుర్చీలు కిరాయికి ఇస్తాడు. మెయిన్ రోడ్డు నుంచి ఆటోలో ఐదు నిమిషాలు లోపలికి వెళితే వాళ్ల ఇల్లు. గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. అతని వెనక, వేపచెట్టు నీడలో, నా కారు. ఇంకా నాది కాలేదని తెలుసు, కానీ మనసులో అలాగే అనుకున్నాను. ఫొటోలో కంటే కిందికి ఉంది. నీళ్లు తాగడానికి వంగిన జంతువులా ఉంది.

సీట్లు చూద్దామని వెనక తలుపు తీశాను. లోపల ఒక ముసలావిడ కాళ్లు చాపుకుని, ఒళ్లో చేట పెట్టుకుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది.

"మా అమ్మ సార్, రూతమ్మ" అన్నాడు దేవదానం. "పొద్దుగాల ఎనిమిదింటికి ఎక్కింది."

"ఎక్కుడు అల్కనే బిడ్డా" అంది ఆవిడ సుజాతతో. "దిగుడే పరేషాన్. ఇద్దరు గుంజాలె. వీడొక్కడే ఉండె, మీరొస్తరు గదా అని గిట్లనే కూసున్న."

బండి అమ్మడానికి కారణం కూడా అదేనట. దేవదానం కిందటేడు షోకుగా కొన్నాడు. తల్లిని ఆదివారం చర్చికి ఈ బండిలో దింపాలని అతని ఆశ. తీరా చర్చి ముందు ఆవిడను బయటికి లాగడానికి ఇద్దరు మగవాళ్లు కావలసి వస్తోంది. పాస్టరు గారే రెండుసార్లు చేయి వేశారు. "క్రిస్మస్‌కల్లా ఎత్తు బండి తెస్తనని మాటిచ్చిన సార్" అన్నాడు. పన్నెండు గంటలకు షాద్‌నగర్ నుంచి ఇంకో గిరాకీ వస్తోందని, మేము ముందుగా అడిగాం కాబట్టి మాకే ముందు చూపిస్తున్నానని చెప్పాడు.

బస్సులో పెద్దాయన చెప్పినట్టు వంగి చూశాను. వంగడం అయింది, లేవడానికి సుజాత చేయి అందించింది. నాకు కింద కనబడిందల్లా నేల.

"ఒకసారి నడిపి చూద్దామా?" అన్నాను. దేవదానం తాళం ఇచ్చాడు. నేను సీట్లో కూర్చుని స్టార్టు నొక్కాను. ఆ చప్పుడుకు నా గుండె నిండిపోయింది. అద్దంలోంచి చూస్తే సుజాత బండి చుట్టూ తిరుగుతోంది. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ఊఁ, పోనివ్వండి" అంది. పోనిచ్చాను. నాలుగూ చిట్లాయి.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఒక జీపు ఆగింది. షాద్‌నగర్ గిరాకీ గంట ముందే వచ్చేశాడు. తెల్లచొక్కా మనిషి లోపలికి రెండడుగులు వేసి, టైర్ల కింద నిమ్మరసం చూసి ఆగిపోయాడు.

"అయిపోయినట్టుంది గదా తమ్మీ" అన్నాడు దేవదానంతో. "జర ఫోను జేసి చెప్తే రాకపోదుం."

"లేదన్నా, చూస్తుండ్రు అంతే" అన్నాడు దేవదానం.

"నిమ్మకాయలు తొక్కిచ్చినంక ఇంకేం జూసుడు? ఒకరు పూజ జేసుకున్న బండి మేం అడగం." కోపంగా కూడా అనలేదు. జీపెక్కి వెళ్లిపోయాడు. దేవదానం రోడ్డు దాకా పరుగెత్తి వట్టి చేతులతో తిరిగి వచ్చాడు.

సుజాత ముఖం పాలిపోయింది. "మావైపు కొత్త బండి ఏదెక్కినా తొక్కిస్తామండీ. తిరుపతికి అద్దె కారు మాట్లాడుకున్నా తొక్కిస్తాం. పైగా ఇవాళ శనివారం, తెలియని బండి, ఈయన డ్రైవింగు" అని సంజాయిషీ చెప్పుకుంది.

"మేం నిమ్మకాయలు పెట్టం బిడ్డా, ప్రార్థన జేస్కుంటం" అంది వెనక సీట్లోంచి రూతమ్మ. "గని గీ ఊర్ల అందరికి తెల్సు. నిమ్మకాయ తొక్కిస్తే బండి కొన్నట్టే."

"ఏం గాదు అక్కా" అన్నాడు దేవదానం. "నచ్చకుంటే వద్దనుండ్రి. ఇంకో గిరాకీ రాకపోతదా." మంచివాడు కాబట్టి అన్నాడు కానీ అతని గొంతు దిగిపోయింది. మా వల్ల ఒక మనిషి చేతికొచ్చిన బేరం పోయింది. సుజాత వద్దంటే నాకు కారు పోవడమే కాదు, ఇతనికి క్రిస్మస్ మాట కూడా పోతుంది. అయినా మొహమాటానికి కారు కొనే మనిషి కాదు సుజాత. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. దేవదానం వెనక తల్లి పక్కన సర్దుకున్నాడు.

పదకొండుంపావుకు బయలుదేరాం. మెయిన్ రోడ్డు చేరేలోపు మూడు స్పీడు బ్రేకర్లు ఉన్నాయి. ప్రతిదాని దగ్గరా బండి బరువు తగ్గించాలట, లేకపోతే అడుగు గీసుకుంటుందట. సుజాత, దేవదానం దిగడం, నేను అంగుళం అంగుళం దాటించడం, వాళ్లు మళ్లీ ఎక్కడం. రూతమ్మ మాత్రం దిగలేదు. "నేను దిగితే మల్ల ఎక్కేసరికి పొద్దు గూకుతది" అంది. అందువల్ల మూడుచోట్లా అడుగు గీసుకుంది. గంటకు రెండు వందల యాభై కిలోమీటర్లు పోగల బండిలో ఆ కిలోమీటరుకు మాకు పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

తర్వాత విమానాశ్రయం రోడ్డు వచ్చింది. నున్నగా, వెడల్పుగా, రెండు వైపులా పూలమొక్కలతో. నేను పదేళ్లుగా ఎదురుచూసిన క్షణం. పెడలు మీద కాలు ఆనించాను.

ఏం జరిగిందో నిజం చెబుతాను. బండి ఉరికింది, నా వీపు సీటుకు అతుక్కుంది, వెనక రూతమ్మ చేటలో వెల్లుల్లి ఎగిరి ఆవిడ మీదే పడింది, నాకు భయం వేసింది. ఉత్త భయం కాదు, చేతులు చల్లబడిపోయే భయం. కాలు తీసేశాను. మళ్లీ పెట్టడానికి అది ఒప్పుకోలేదు. ఆ తర్వాత ముప్పై దాటించలేకపోయాను. ట్యాక్సీలు హారన్లు కొట్టుకుంటూ దాటాయి. సామాన్ల ఆటో ఒకటి పక్కకు వచ్చి వేగం తగ్గించుకుంది.

"అన్నా, బండి ఖరాబైందా? తాడు గట్టి గుంజాల్నా?" అని అడిగాడు ఆటో అతను.

"అవసరం లేదు, చూస్తున్నాం అంతే" అన్నాను.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. పక్కకు ఆపాను. ఇక సుజాత వద్దంటుంది, అనడం న్యాయమే అనుకున్నాను. ఆమె బెల్టు విప్పి, "దిగండి, నేను చూస్తాను" అంది.

ఆమెకు లైసెన్సు ఉన్న సంగతి నాకు తెలుసు. పర్సులో ఆధార్ వెనకాలే ఉంటుంది. నడపగలదన్న సంగతే తెలియదు. నేను ఏదో అనబోతుంటే, "ప్రతి వేసవికీ విజయవాడలో అక్క కారు ఎవరు తిప్పుతున్నారనుకున్నారు?" అంది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, సీటు ముందుకు లాక్కుని, అద్దం తనకు సరిచేసుకుంది.

సుజాత ఆ బండిని నడిపిన తీరు రాయడానికి నా దగ్గర మాటలు తక్కువ. రోడ్డు మీద రాసిన వేగం ఎంతో అంతకు తీసుకెళ్లి అక్కడే నిలబెట్టింది. మలుపులో బండి కుదురుగా తిరిగింది. మా నెత్తి మీదుగా విమానం ఒకటి దిగుతుంటే రూతమ్మ దాన్ని చూసి, "మనమే ముందు వోతున్నం" అంది. నేను మాత్రం సుజాత ముఖం చూస్తున్నాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ ముఖం నాకు కొత్త. నవ్వడం లేదు, మాట్లాడటం లేదు, మహా సంతోషంగా ఉంది. నాకు అసూయ కలిగింది. దాని పక్కనే ఆనందం కూడా కలిగింది.

ఇంటికి తిరిగి వచ్చాక నేనూ దేవదానం చెరో చేయి పట్టి లాగితే రూతమ్మ బయటికి వచ్చింది. ఒంటిగంటకు భోజనం. నాకు బగారా అన్నం, కోడికూర. సుజాత శనివారం మాంసం ముట్టదు కాబట్టి ఆమెకు పప్పుచారు, పెరుగు. పెరుగన్నం కలుపుకుంటూ, "ఈ బండిలో ఇనుము ఎంతుంటుంది?" అని అడిగింది.

"తక్కువే అక్కా. బరువు తగ్గాలని బాడీ మస్తుగ అల్యూమినియంతోనే చేస్తరు" అన్నాడు దేవదానం.

సుజాత నా వైపు చూసింది. రసాయనశాస్త్రం చదివినందుకు ఇంట్లో ఒకరు నా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. అల్యూమినియానికీ ఇనుముకూ ఏ చుట్టరికమూ లేదని ధ్రువీకరించాను. గేర్లు, స్ప్రింగుల సంగతి నేను ఎత్తలేదు.

"అయితే తీసుకుందాం. నాకు నచ్చింది" అంది.

దేవదానం చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి నాతో చెయ్యి కలిపాడు. సంతకాలు, ఫోనులో డబ్బు పంపడం అయ్యేసరికి మూడున్నర. రూతమ్మ బానెట్ మీద అరచేయి ఆనించి, ఈ బిడ్డలను క్షేమంగా ఇల్లు చేర్చమని చాలాసేపు ప్రార్థించింది. నేనూ కళ్లు మూసుకున్నాను.

నాలుగింటికి బయలుదేరి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, గచ్చిబౌలి దగ్గర దిగి, ఆరుంపావుకు ఇల్లు చేరాం. డ్రైవింగు సుజాతదే, టోలు కట్టింది నేను. ఇలాంటి ప్రయాణం చేయదలచిన వారికి నా సలహా ఒక్కటే. ఆ బండి మీకు నడపడానికి ఎంత బాగుంటుందో నేను చెప్పలేను కానీ, పక్క సీట్లో మాత్రం చాలా సుఖంగా ఉంటుంది. వెనక్కి వాలి కూర్చుంటే ఆకాశం బాగా కనిపిస్తుంది.

పార్కింగులో దిగాక కొంచెం ధైర్యం వచ్చింది. "రేపు ఆదివారం, పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఒకసారి నేను తీస్తాను, తాళం ఇవ్వు" అని చెయ్యి చాపాను.

సుజాత తాళం సంచిలో వేసుకుని, చాలా మెత్తగా అంది. "తొందరేముందండీ. చిన్న కారు మీద ఇంకో ఏడాది చెయ్యి తిరగనివ్వండి, తర్వాత చూద్దాం."

ఆ మాట నాకు బాగా తెలుసు. పన్నెండేళ్ల కిందట ఇదే పార్కింగులో, చిన్న కారు ఇంటికి వచ్చిన రోజున, కొత్త లైసెన్సు చేత్తో పట్టుకుని సుజాత తాళం అడిగితే నేనే అన్నాను. స్కూటీ మీద ఇంకో ఏడాది చెయ్యి తిరగనివ్వమన్నాను. ఆ ఏడాది ఎప్పుడు ముగిసిందో ఆమెకు చెప్పడం నేను మరిచిపోయాను.